వేన్నీళ్లకు చన్నీళ్లు: కార్డు బోనస్‌లతో పదవీ విరమణ పొదుపు

బ్యాంకులు, క్రెడిట్ కార్డు సంస్థలు ఇచ్చే బోనస్‌లను, పాయింట్లను, క్యాష్‌బ్యాక్‌ను కూడబెట్టి పదవీ విరమణ తరువాతి రోజులకు దాచుకోవచ్చునా అని హైదరాబాదు పాఠకులు కొందరు ఈ నెల ఉత్తరాలు రాశారు. వాటిలో ఐదింటిని ఎంచుకుని, రాసినవారి కోరిక మేరకు పేర్లు లేకుండా ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. బాలానగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మియాపూర్‌లో అద్దెకుంటున్నాం. పీఎఫ్ తప్ప వేరే పొదుపు లేదు. నెలకు 60,000 ఖర్చవుతుంది. అందులో అద్దె 18,000, బండి, ఫ్రిజ్ వాయిదాలు 11,000, పాలు, కూరగాయలు, పనిమనిషి జీతం కలిపి 6,000. మా తోడల్లుడు మూడు క్రెడిట్ కార్డులు వాడుతూ, వాటి బోనస్‌లతోనే రిటైర్‌మెంటుకు విడిగా డబ్బు పోగేస్తున్నానంటున్నాడు. ఇది నిజంగా అయ్యే పనేనా?
— ఒక ప్రైవేటు ఉద్యోగి, మియాపూర్

జవాబు: అయ్యే పనే. అయితే ఎంత వస్తుందో ముందు మీ ఇంటి లెక్కతోనే చూద్దాం. ఈ విషయంలో అతిగా ఆశపడేవారూ, పెదవి విరిచేవారూ కూడా కాగితం మీద లెక్క వేయకుండానే మాట్లాడటం నేను చాలాసార్లు చూశాను.

మీ 60,000 ఖర్చులో అద్దె, వాయిదాలు, పాలు, కూరగాయలు, పనిమనిషి జీతం పోగా 25,000 మిగులుతుంది. కార్డు మీదికి తేగలిగింది ఇంతే. అద్దెను కార్డుతో కట్టించే యాప్‌లు కొంతకాలం బాగా నడిచాయి గానీ, వాటికి ఒక శాతం పైగా రుసుము పోయేది, దానికితోడు చాలా బ్యాంకులు అద్దె చెల్లింపులకు పాయింట్లు ఇవ్వడం మానేశాయి. కాబట్టి ఆ దారిని మరిచిపోండి. మిగిలిన 25,000లో పెట్రోలుకు 4,000 పోతుందనుకుందాం. పెట్రోలు కంపెనీలతో కలిసి ఇచ్చే ప్రత్యేక కార్డులను మినహాయిస్తే, చాలా కార్డులు పెట్రోలు మీద సర్‌చార్జిని తిరిగి ఇస్తాయే తప్ప పాయింట్లు వేయవు. అంటే పాయింట్లు పండే ఖర్చు 21,000. నూటికి ఒక రూపాయి చొప్పున నెలకు 210, ఏడాదికి 2,520 రూపాయలు. దసరా, దీపావళి బట్టలు, ఆన్‌లైన్ కొనుగోళ్లలో ఎక్కువ శాతం ఇచ్చే ఆఫర్లు కూడా కలుపుకుంటే నెలకు 300 దాకా రావచ్చు. మీ ఖర్చు మీద నిజాయితీగా వచ్చేది ఇంతే. ఇంతకు పదింతలు వస్తుందని ఎవరైనా చెబితే, వారు మీ చేత ఖర్చు పెంచించాలని చూస్తున్నారని అర్థం.

ఇక ఇందులోంచి పోయేవాటిని చూడండి. కార్డుకు ఏటా 500 రూపాయల రుసుము ఉంటే 18 శాతం జీఎస్‌టీతో కలిపి 590 అవుతుంది. మీ 2,520లో దాదాపు నాలుగో వంతు అక్కడే పోతుంది. అందువల్ల మీ వంటి ఖర్చున్న ఇంటికి జీవితాంతం రుసుము లేని కార్డు గానీ, ఏడాదికి ఇంత ఖర్చు చేస్తే రుసుము మాఫీ అనే షరతు మీ మామూలు ఖర్చుతోనే తీరిపోయే కార్డు గానీ సరిపోతుంది. కొత్త కార్డు మీద ఇచ్చే వెల్‌కమ్ బోనస్‌కూ ఇదే కొలత. తొంభై రోజుల్లో 50,000 ఖర్చు చేస్తే 2,000 రూపాయల వోచరు అన్నారనుకోండి. మీకు మూడు నెలల్లో ఎలాగూ 63,000 ఖర్చుంది కాబట్టి ఆ బోనస్ మీదే. అదే లక్షన్నర ఖర్చు చేయమంటే మాత్రం, మిగతా డబ్బుకు అవసరం లేని టీవీ కొనాల్సి వస్తుంది. ఆ బోనస్‌ను వదిలేయండి. ఆరోగ్య బీమా ప్రీమియం, పిల్లల ఫీజు వంటి పెద్ద చెల్లింపు ఏ నెలలో వస్తుందో చూసుకుని, దానికి కాస్త ముందు కార్డు తీసుకుంటే షరతు తేలిగ్గా తీరుతుంది. బీమాకు పాయింట్లు లెక్కిస్తారో లేదో మాత్రం షరతుల కాగితంలో ముందే చదవండి.

అసలు గండం వేరే చోట ఉంది. ఒక్క నెల బిల్లు కట్టడం మరిచిపోయారనుకోండి. క్రెడిట్ కార్డు వడ్డీ సాధారణంగా నెలకు మూడు నుంచి మూడున్నర శాతం, కొన్ని కార్డులకు ఇంకా ఎక్కువ. 25,000 మీద నెలకు మూడున్నర శాతం అంటే 875 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ 157 రూపాయల 50 పైసలు, వెరసి 1,032 పైచిలుకు. ఆలస్య రుసుము మళ్లీ వేరు. అంటే ఒక్క నెల మరుపుతో దాదాపు ఐదు నెలల పాయింట్లు కొట్టుకుపోతాయి. బిల్లు మీద 'మినిమం డ్యూ' అని కనిపించే చిన్న అంకె కడితే చాలని చాలామంది అనుకుంటారు. అది కడితే ఆలస్య రుసుము తప్పుతుంది గానీ వడ్డీ తప్పదు. పైగా పాత బాకీ తీరేదాకా, కొత్తగా కొన్న ఉప్పు పప్పులకు కూడా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి బ్యాంకు ఖాతా నుంచి మొత్తం బిల్లు దానంతటదే పోయేటట్టు ఆటో పే పెట్టుకోండి; అది పెట్టుకునేటప్పుడు 'టోటల్ డ్యూ' అన్నదాన్నే ఎంచుకోండి. ఇది కుదరని నాడు కార్డుల జోలికి పోకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు మీ తోడల్లుణ్ని ఒక ప్రశ్న అడగండి: ఆ వచ్చిన బోనస్‌లు ఎక్కడున్నాయి? చాలా ఇళ్లలో దీనికి జవాబు ఉండదు. ఎందుకంటే పాయింట్లు చేతికి డబ్బుగా రావు, బిల్లులో తగ్గింపుగా వస్తాయి. 25,000 కట్టాల్సిన చోట 24,790 కడతాం. మిగిలిన 210 రూపాయలు పొదుపు ఖాతాలోనే ఉండిపోయి, నాలుగు రోజుల్లో ఏ ఇరానీ చాయ్‌లోనో, ఆటో చార్జీలోనో కలిసిపోతాయి. అందుకే నేను చెప్పే పద్ధతి ఒకటే: బిల్లు ఎంత తగ్గిందో అంత మొత్తాన్ని, బిల్లు కట్టిన రోజునే, తేలిగ్గా వెనక్కి తీయడానికి వీలు లేని ఖాతాలోకి పంపేయాలి. ఈ ఒక్క అలవాటు లేకపోతే కార్డులు మూడున్నా ముప్పై ఉన్నా పదవీ విరమణ నాటికి ఏమీ మిగలదు.

ఆ ఖాతాగా మీకు ప్రభుత్వ పొదుపు పథకమైన పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) బాగుంటుంది. పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ తెరవవచ్చు. ఏడాదికి కనీసం 500, గరిష్ఠంగా లక్షన్నర. గడువు 15 సంవత్సరాలు. 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం వడ్డీ ఇస్తున్నారు. వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కాబట్టి ఇదే ఎల్లకాలం ఉంటుందని అనుకోకూడదు గానీ, ఇదే రేటు కొనసాగితే నెలకు 300 చొప్పున, అంటే ఏడాదికి 3,600 వేస్తూ పోతే పదిహేనేళ్లకు మీరు వేసిన 54,000 సుమారు 94,700 అవుతుంది. దీంతో ముసలితనం గడిచిపోదు. అసలు బరువు మీ పీఎఫ్, దాని పైన జీతం నుంచి చేసే పొదుపే మోయాలి. వేన్నీళ్లకు చన్నీళ్లలా ఇది తోడు. కానీ ఖర్చులో ఒక్క రూపాయి పెంచకుండా, 59వ ఏట మీ చేతికి పన్ను లేకుండా దాదాపు 95 వేల రూపాయలు రావడం చిన్న సంగతి అనను.

ఒక చిన్న కిటుకు. పీపీఎఫ్‌లో నెల వడ్డీని, ఆ నెల 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఉన్న నిల్వల్లో అతి తక్కువ నిల్వ మీద లెక్కిస్తారు. 6వ తేదీన వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. మీ కార్డు డ్యూ డేట్ నెల మధ్యలో ఉంటే, ఆ రోజే పంపండి, వడ్డీ మాత్రం వచ్చే నెల నుంచి వస్తుంది; ఆ నెల వడ్డీ కూడా కావాలంటే బిల్లింగ్ తేదీని మార్చమని కార్డు సంస్థను అడగండి, రిజర్వు బ్యాంకు నిబంధనలు ఆ వెసులుబాటు ఇచ్చాయి.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్కడ బ్యాంకు ఖాతా తెరిస్తేనే రెండు మూడు వందల డాలర్లు ఇస్తారని, ఏడాదిగా అలాంటివి నాలుగు తీసుకున్నానని చెప్పాడు. ఇక్కడి బ్యాంకులు అలా ఎందుకివ్వవు? ఆ డబ్బును వాడి పేరున ఇక్కడ పీపీఎఫ్ ఖాతా తెరిచి దాచమంటారా?
— ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, మొదటి ప్రశ్నకు జవాబు నిబంధనలలో ఉంది. డిపాజిట్లు రాబట్టడానికి బహుమతులు, లాటరీలు, ఉచిత ప్రయాణాలు వంటివి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశాలలో స్పష్టంగా ఉంది. ఇవ్వదలిస్తే 250 రూపాయలకు మించని చిన్న కానుక ఇవ్వవచ్చు. మన దగ్గర ఖాతా తెరిచినప్పుడు డైరీయో, క్యాలెండరో, చేతిసంచియో ఇచ్చి ఊరుకోవడానికి కారణం అదే. డిపాజిటుదారు బ్యాంకు స్థిరత్వాన్ని, వడ్డీని చూసి డబ్బు వేయాలి గానీ కానుక చూసి వేయకూడదన్నది అందులోని ఆలోచన, నాకది సబబుగానే తోస్తుంది. క్రెడిట్ కార్డు డిపాజిట్ కాదు, అప్పు. అందుకే ఇక్కడ బోనస్‌లన్నీ కార్డుల వైపే ఉంటాయి.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ బ్యాంకులు కొత్త ఖాతాదారుకు నేరుగా నగదు ఇస్తాయి, కానీ దానికి షరతులుంటాయి: జీతం ఆ ఖాతాలో పడాలి, లేదా ఇంత మొత్తం ఇన్ని నెలలు కదపకుండా ఉంచాలి, ఫలానా గడువులోపు ఖాతా మూసేస్తే బోనస్ వెనక్కి తీసుకుంటారు. కనీస నిల్వ తగ్గితే నెలనెలా రుసుము కూడా కోస్తారు. మీ అబ్బాయి ఇవన్నీ చూసుకునే చేస్తూ ఉంటాడు. అతనికి తప్పక గుర్తు చేయవలసింది పన్ను సంగతి. ఖాతా తెరిచినందుకు ఇచ్చిన బోనస్‌ను అక్కడ వడ్డీ ఆదాయంగా చూస్తారు, సాధారణంగా బ్యాంకు ఏడాది చివర 1099-ఐఎన్‌టీ అనే పత్రంలో దాన్ని చూపిస్తుంది, పన్ను రిటర్నులో అది కలపాలి. ఖర్చు చేసినందుకు క్రెడిట్ కార్డు ఇచ్చే వెల్‌కమ్ బోనస్‌ను మాత్రం ధరలో తగ్గింపుగా పరిగణిస్తారు కాబట్టి సాధారణంగా పన్ను ఉండదు. అంటే చేతికి 300 డాలర్లు వచ్చినా, అతని పన్ను శ్లాబును బట్టి దాచుకోవలసింది అంతకంటే తక్కువ.

పీపీఎఫ్ విషయంలో మాత్రం తొందరపడవద్దు. ప్రవాస భారతీయులు కొత్తగా పీపీఎఫ్ ఖాతా తెరవకూడదు. ఇక్కడ ఉన్నప్పుడు తెరిచిన ఖాతా ఉంటే 15 ఏళ్ల గడువు దాకా కొనసాగించవచ్చు గానీ, ఆ తరువాత పొడిగించుకునే వీలు లేదు. మీరు ఇక్కడ మీ చిరునామాతో, అతను హైదరాబాదులోనే ఉన్నట్టుగా కాగితాలు పెట్టి తెరిస్తే అది తప్పుడు ధ్రువీకరణ అవుతుంది. పైగా పీపీఎఫ్ వడ్డీకి ఇక్కడ పన్ను లేకపోయినా, అమెరికాలో పన్ను కట్టే వ్యక్తి దాన్ని అక్కడ ఆదాయంగా చూపించాల్సి ఉంటుంది. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి నిల్వ ఏడాదిలో ఏనాడైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరాలు విడిగా ప్రకటించాలి.

అతనికి అక్కడే మంచి దారి ఉంది. కంపెనీ ఇచ్చే 401కే అనే పదవీ విరమణ పథకంలో యజమాని తన వంతు కలిపే ఏర్పాటు ఉంటే ముందు దాన్ని పూర్తిగా అందుకోవాలి, అంతకు మించిన బోనస్ ఏ బ్యాంకూ ఇవ్వదు. ఆ తరువాత ఐఆర్‌ఏ అనే వ్యక్తిగత పదవీ విరమణ ఖాతా. 50 ఏళ్ల లోపు వారికి అందులో వేయదగిన గరిష్ఠ మొత్తం 2025కు 7,000 డాలర్లు, 2026కు 7,500. అందులో వేసే మొత్తం ఆ ఏడాది జీతం వంటి సంపాదనకు మించకూడదు. జీతం ఉన్నవాడు కాబట్టి అతనికి అడ్డు లేదు. ఒక ఏడాది వాటాను మరుసటి ఏడాది ఏప్రిల్ 15 దాకా వేసుకోవచ్చు కనుక, ఏడాది పొడుగునా వచ్చిన బోనస్‌లను విడిగా ఉంచి, పన్ను లెక్క తేలిన తరువాత మిగిలినదాన్ని ఆ గడువులోపు ఐఆర్‌ఏలో వేయమనండి. అతను తిరిగి వచ్చేసే ఆలోచనలో ఉంటే, ఏ రకం ఐఆర్‌ఏ అన్నది రెండు దేశాల పన్నులూ తెలిసిన చార్టర్డ్ అకౌంటెంటుతో మాట్లాడాకే తేల్చుకోవాలి.

ప్రశ్న: బోరబండలో కిరాణా దుకాణం నడుపుతున్నాను. కార్డు మిషను ఉంది. నా కార్డునే నా మిషనులో గీకి, డబ్బు ఖాతాలో పడ్డాక దానితోనే బిల్లు కట్టేస్తే పాయింట్లు ఊరికే వస్తాయని ఒక మిత్రుడు చెప్పాడు. తెలిసినవారి కార్డులు గీకి నగదు ఇస్తే కమీషను కూడా వస్తుందట. చేయవచ్చా?
— ఒక దుకాణదారు, బోరబండ

జవాబు: వద్దు. లెక్క ప్రకారమూ వద్దు, నిబంధన ప్రకారమూ వద్దు.

లక్ష రూపాయలు గీకారనుకోండి. మిషను ఇచ్చిన సంస్థ క్రెడిట్ కార్డు లావాదేవీల మీద మీ దగ్గర రెండు శాతం చొప్పున కోసుకుంటే 2,000 పోతుంది, దాని మీద జీఎస్‌టీ వేరు. కార్డు మీద నూటికి రూపాయి చొప్పున వచ్చేది 1,000. వెయ్యి రూపాయలు రావడానికి రెండు వేలకు పైగా పోగొట్టుకోవడం మీ వంటి వ్యాపారికి నేను చెప్పనక్కరలేదు. ఇక సరుకు అమ్మకుండా కార్డు గీకడం మిషను తీసుకున్నప్పుడు మీరు సంతకం చేసిన ఒప్పందానికి విరుద్ధం. ఒకే కార్డు మీద సున్నాలతో ముగిసే మొత్తాలు మళ్లీ మళ్లీ పడితే బ్యాంకు ఇట్టే పసిగట్టి, మిషను వెనక్కి తీసుకుంటుంది, కార్డు మూసేస్తుంది, పోగైన పాయింట్లను రద్దు చేస్తుంది.

ఇతరుల కార్డులు గీకి నగదు ఇవ్వడం ఇంకా ప్రమాదం. నగరంలో కొన్ని మొబైల్ షాపుల్లో నూటికి రెండు మూడు రూపాయలు తీసుకుని ఇలా చేస్తుంటారని మీకూ తెలుసు. వచ్చిన కార్డు దొంగిలించినదైతే, మోసం చేసి సంపాదించిన డబ్బైతే, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ దుకాణానికే; ముందు స్తంభించేది మీ బ్యాంకు ఖాతానే. వృద్ధాప్యానికి దాచుకుందామని మొదలుపెట్టి రోజువారీ గల్లాను ఆపుకోవడం అవుతుంది. మీకు జీతం నుంచి కోసే పీఎఫ్ లేదు కాబట్టి ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) ఖాతా తెరవండి. 2009 మే నుంచి అది అందరికీ అందుబాటులో ఉంది, ఏడాదికి కనీసం వెయ్యి రూపాయలు వేస్తే ఖాతా నడుస్తుంది. దుకాణానికి సరుకు కొనేటప్పుడు హోల్‌సేల్ వ్యాపారి అదనపు రుసుము లేకుండా కార్డు తీసుకుంటే, ఆ నిజమైన కొనుగోలు మీద వచ్చిన పాయింట్లను నిశ్చింతగా అందులోకి మళ్లించండి.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. మావారి ఫ్యామిలీ పింఛను వస్తుంది. చిక్కడపల్లిలో సొంత ఇల్లు. బ్యాంకుకు వెళ్లినప్పుడల్లా ఎఫ్‌డీ మీద క్రెడిట్ కార్డు తీసుకోమని, పాయింట్లు వస్తాయని వెంటపడుతున్నారు. వద్దన్నా పోస్టులో ఒక కార్డు వచ్చింది. మొన్న "మీ 7,850 పాయింట్లు ఈ రాత్రితో ముగుస్తాయి" అని ఫోనుకు సందేశం వచ్చింది. నేను కార్డు వాడనే లేదు, పాయింట్లు ఎక్కడివి?
— ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: అమ్మా, ఆ సందేశాన్ని ముట్టుకోకండి. మీ దగ్గర వాడిన కార్డే లేనప్పుడు పాయింట్లు లేవన్న మీ అనుమానం పూర్తిగా సరైనది. అందులో ఉండే లింకు నొక్కితే బ్యాంకు పేజీలాగే ఉండే పేజీ తెరుచుకుని కార్డు నంబరు, ఓటీపీ అడుగుతుంది, లేదా ఒక ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) ఫోనులోకి దిగి మీకు వచ్చే ఓటీపీలను అవతలివాళ్లకు పంపుతుంది. పాయింట్లను డబ్బుగా మార్చడానికి ఏ బ్యాంకూ ఏపీకే ఫైలు పంపదు. బ్యాంకుల వెబ్‌సైట్లను రిజర్వు బ్యాంకు '.బ్యాంక్.ఇన్' (.bank.in) అనే చిరునామాకు మార్పించింది. చివర అది లేని పేజీలో మీ వివరాలు ఏవీ ఇవ్వకండి. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే నొక్కి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఆ తరువాత బ్యాంకుకు చెప్పండి. ఇటువంటి వాటిలో గంటలు కాదు, నిమిషాలు లెక్క.

ఇక పోస్టులో వచ్చిన కార్డు. అడగకుండా కార్డు పంపడాన్ని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాలు నిషేధించాయి. మీ సమ్మతి లేకుండా కార్డు ఇచ్చి దాని మీద ఏదైనా రుసుము వేస్తే, దాన్ని రద్దు చేయడమే కాక అంతకు రెట్టింపు మొత్తాన్ని బ్యాంకు మీకు చెల్లించాలి. కార్డు జారీ అయిన 30 రోజుల్లో మీరు దాన్ని వాడకంలోకి తేకపోతే ఓటీపీ ద్వారా మీ సమ్మతి అడగాలి, మీరు ఇవ్వకపోతే ఏ ఖర్చూ లేకుండా మూసేయాలి. కాబట్టి దాన్ని వాడకంలోకి తీసుకురావద్దు, ఓటీపీ చెప్పవద్దు. కత్తెరతో కత్తిరించి, నాకీ కార్డు వద్దని శాఖలో ఒక కాగితం రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఎఫ్‌డీ మీద ఇచ్చే కార్డు చెడ్డదని అనను. అప్పు చరిత్ర లేని యువకులకు అది పనికొస్తుంది. మీకు దానివల్ల వచ్చేది నెలకు వంద, నూట యాభై రూపాయలు. బిల్లు కట్టకుండా వదిలేస్తే మాత్రం తాకట్టులో ఉన్న మీ ఎఫ్‌డీలోంచే కోసుకుంటారు. ఆ వందకు బదులు మీరు తేలిగ్గా అందుకోగలిగినవి వేరే ఉన్నాయి. 60 దాటినవారికి ఉన్న సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల దాకా వేయవచ్చు, వడ్డీ మూడు నెలలకోసారి చేతికొస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి అది 8.2 శాతంగా ఉంది. ఇంటి ఆస్తి పన్నును ఏప్రిల్ నెలాఖరులోగా కట్టేస్తే జీహెచ్‌ఎంసీ ఎర్లీ బర్డ్ పథకం కింద ఆ ఏడాది పన్నులో 5 శాతం తగ్గిస్తుంది. కార్డు ఇచ్చే ఒక శాతం పక్కన ఈ 5 శాతాన్ని పెట్టి చూడండి. ఒకే బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకానే డిపాజిట్ బీమా ఉంటుంది కాబట్టి, మీ ఎఫ్‌డీలు అంతకు మించి ఉంటే రెండు మూడు బ్యాంకులకు సర్దుకోండి.

ప్రశ్న: నాకు 28 ఏళ్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం. బోనస్‌ల కోసం రెండేళ్లలో ఏడు కార్డులు తీసుకున్నాను. షరతు తీర్చడానికి స్నేహితుల ఫోన్లు, విమాన టికెట్లు కూడా నా కార్డుల మీదే కొని డబ్బు తీసుకుంటున్నాను. వచ్చే ఏడాది ఇంటి లోను తీసుకోవాలి. ఏవి ఉంచుకోవాలి?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: ఈ రోజు నుంచి కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టవద్దు. ప్రతి దరఖాస్తుకూ బ్యాంకు మీ అప్పుల చరిత్రను చూపే క్రెడిట్ రిపోర్టు తీస్తుంది, ఆ జాడ అందులో నమోదవుతుంది. రెండేళ్లలో ఇన్ని ఉంటే ఇంటి లోను ఇచ్చే అధికారి తప్పక అడుగుతాడు. ఆ చరిత్రను బట్టి ఇచ్చే సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. అందులో కొద్ది పాయింట్లు తగ్గి ఇంటి లోను వడ్డీ పావు శాతం పెరిగినా, 50 లక్షల అప్పు మీద మొదటి ఏడాదే సుమారు 12,500 రూపాయలు అదనంగా పోతుంది. ఏడు కార్డుల బోనస్ అక్కడే తుడిచిపెట్టుకుపోవచ్చు. ఈ రిపోర్టులు తయారుచేసే ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. ముందు దాన్ని తెప్పించుకుని చదవండి.

స్నేహితుల కొనుగోళ్లు వెంటనే ఆపండి. ఒక ఆర్థిక సంవత్సరంలో కార్డు బిల్లులకు 10 లక్షలు, అంతకు మించి కడితే ఆ సమాచారం ఆదాయపు పన్ను శాఖకు చేరుతుంది. మీ జీతానికీ ఆ ఖర్చుకూ పొంతన లేకపోతే, ఎవరి ఫోనుకు ఎంత ఇచ్చారో మీరే లెక్క చెప్పుకోవాలి. అందులో ఒక్క స్నేహితుడు డబ్బు ఆలస్యం చేసినా వడ్డీ మీదే.

ఉంచుకోవలసినవి రెండు: అన్నిటికంటే పాతది, మీ మామూలు ఖర్చుకు ఎక్కువ ఇచ్చే రుసుము లేనిది. పాతదాన్ని ఉంచమనడానికి కారణం, మీ అప్పు చరిత్ర పొడవు దాని మీదే నిలబడి ఉంది. మిగిలిన ఐదింటినీ ఒకేసారి మూస్తే మీ కార్డుల మొత్తం అప్పు పరిమితి ఒక్కసారిగా తగ్గి, అందులో మీరు వాడే శాతం పెరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి, ఏడాది రుసుము పడే తేదీలు చూసుకుని ఒక్కొక్కటిగా మూయండి. లోను దరఖాస్తుకు కొన్ని నెలల ముందే ఆ పని ముగించండి.

మూసే ముందు పాయింట్లు ఖాళీ చేయండి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. కొన్నేళ్ల కిందట ఒక బ్యాంకు కార్డు మీద పదకొండు వేలకు పైగా పాయింట్లు పోగేసి, పెద్ద మొత్తమయ్యాక ఒకేసారి తీసుకుందామని దాచాను. ఒకనాడు స్టేట్‌మెంటు తెరిస్తే ఆ గడిలో సున్నా ఉంది. గడువు తీరిందని కింద సన్నటి అక్షరాల్లో ఒక్క వాక్యం. అడిగితే నిబంధన చూపించారు, నిబంధన అలాగే ఉంది. ఆ రోజు నుంచి ప్రతి మూడు నెలలకూ, ఎన్ని ఉంటే అన్ని, బిల్లులో సర్దించుకుని ఆ మొత్తాన్ని అప్పటికప్పుడు ఎన్‌పీఎస్‌కు పంపుతున్నాను. మీరు పాత పన్ను విధానంలో ఉంటే ఎన్‌పీఎస్‌లో వేసిన 50,000 దాకా అదనపు మినహాయింపు కూడా ఉంది. కొత్త విధానంలో అది లేదు.

బాకీ లేకుండా చూసుకుని, మూసేయమని యాప్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ అడిగి, ఆ అభ్యర్థన నంబరు దాచుకోండి. ఏడు పని దినాల్లో మూయాలి. ఆ గడువు దాటితే, బాకీ లేని కార్డుకు రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకు మీకు చెల్లించాలి. మూసినట్టు సందేశం వచ్చాక నెల రోజులు ఆగి, క్రెడిట్ రిపోర్టును మరోసారి తీసి, ఆ కార్డు పక్కన 'క్లోజ్డ్' అని పడిందో లేదో చూసుకోండి.